లెక్క తప్పినవారెవరు?

ఇటీవల మా వూళ్ళో జరిగిన ఒక గోష్ఠిలో ఒక అధ్యాపక మిత్రుడు వైద్యరంగాన్ని గురించి ప్రసంగించారు. ఆయన బాగా చదువుకున్నవాడు, ప్రజల పక్షాన నిలబడినవాడు. అందువల్లనే ఆయన మాటకు జవాబు చెప్పవలసి వస్తున్నది. వారన్నదిది: "ఆపరేషనుకు ముందూ వెనకా గుడ్డముక్కలు లెక్కపెట్టించి, కాగితం మీద సంతకాలు పెట్టించడం ఫ్యాక్టరీ మేనేజరు మనస్తత్వం. కార్మికుణ్ణి యంత్రంగా మార్చిన పెట్టుబడిదారీ విధానమే ఇవాళ నర్సును యంత్రంగా మారుస్తున్నది. ఆసుపత్రి ఎవరి చేతుల్లో వుందన్నదే అసలు ప్రశ్న. గుడ్డముక్కలెన్ని అన్నది కాదు."

సభలో చప్పట్లు మోగాయి. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పమని ఆయనే తరువాత అడిగారు. అప్పటికి చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

నేను 31 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. అందులో 19 ఏళ్ళు ఆపరేషను థియేటర్లోనే గడిచాయి. గుడ్డముక్కలు లెక్కపెట్టడం నా వృత్తి. కాబట్టి, ఆ గుడ్డముక్క అంటే ఏమిటో ముందు చెబుతాను. పాఠకుల్లో చాలామంది బల్ల మీద పడుకునే వుంటారు గాని, బల్ల పక్కన నిలబడి వుండరు.

పొట్ట కోసినప్పుడు నెత్తురు అద్దటానికీ, పేగులను పక్కకు నెట్టి పట్టివుంచటానికీ పెద్ద గుడ్డలు వాడతారు. వాటిని మేము మాపులంటాం. పొడిగా వున్నప్పుడు మాపు చేతిరుమాలంత వుంటుంది. నెత్తురులో తడిసిందా, గుప్పిట్లో ఇమిడిపోతుంది. పేగు రంగులోకి మారిపోతుంది. కాలేయం కిందా, ప్లీహం వెనకా, కటిప్రదేశంలో గర్భసంచి వెనకా దూరిందంటే కంటికి కనిపించదు, చేతికి తగిలినా శరీరంలో భాగమే ననిపిస్తుంది. లోపల మిగిలిపోతే దేహం దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది, లేదా చీము పడుతుంది. ఒక్కొక్కసారి అది ఏళ్ళ తరబడి అణిగి వుండి, గడ్డ అని భ్రమింపజేస్తుంది. ఒక్కొక్కసారి పేగును తొలుచుకుని లోపలికి పోతుంది. వైద్యులు దీనికి గాసిపిబోమా అని పేరు పెట్టారు. లాటిన్‌లో పత్తి అనే మాటకూ, స్వాహిలీలో దాచిన చోటు అనే మాటకూ ముడిపెట్టి చేసిన పేరట. జబ్బులా వినిపించే పేరు పెడితే, అది ఎవరూ చేయకుండా దానంతటదే వచ్చినట్టు వుంటుంది గదా!

దీనికి విరుగుడు లెక్క. కోత పెట్టకముందు ఇద్దరు కలిసి, పైకి వినపడేలా లెక్కపెట్టాలి. చేతులు కడుక్కుని గౌను తొడిగి డాక్టరు పక్కన నిలబడే నర్సు ఒకరు, కింద తిరుగుతూ సామాను అందించే నర్సు ఒకరు. మధ్యలో కొత్తవి ఇచ్చినప్పుడల్లా లెక్కకు కలిపి గోడ మీది బోర్డు మీద రాయాలి. పొట్ట మూయబోయే ముందు ఒకసారి, చర్మం కుట్టేటప్పుడు మరొకసారి, మధ్యలో నర్సు మారితే అప్పుడూ లెక్కపెట్టాలి. మాపులే కాదు, సూదులూ, ఫోర్సెప్సులూ అన్నీ. తేడా వస్తే ఆగాలి, వెతకాలి, దొరక్కపోతే ఎక్స్‌రే తీయాలి. ఇంతే. ఇందులో మేధావితనమేమీ లేదు. అందుకేనేమో మేధావులకు ఇది ఆనలేదు.

ఇక ఇది ఆచరణలో ఎలా వుండేదో చూడండి. నేను పనిచేసిన చోట్ల మాపులు ఫ్యాక్టరీలో కట్టలు కట్టి వచ్చేవి కావు. గాజుగుడ్డ తానులుగా వచ్చేది. మధ్యాహ్నం పూట ఖాళీ దొరికినప్పుడు ఆయాలూ, నర్సులూ, శిక్షణకు వచ్చిన ఆడపిల్లలూ కూచుని కత్తిరించి, మడిచి, అంచులు కుట్టి, అయిదేసి కట్టలుగా టేపుతో కట్టి, డ్రమ్ముల్లో సర్ది ఆటోక్లేవుకు పంపేవారు. కబుర్లలో పడి ఒక కట్టలో నాలుగు పెడితే, మరొక కట్టలో ఆరు పడేవి. ఎక్స్‌రేలో కనపడటానికి మాపులో బేరియం కలిపిన దారం వుండాలి. తాను గుడ్డలో ఆ దారం ఎక్కడిది? అంటే లెక్క తప్పితే, తప్పిందని తేల్చే రెండో దారి కూడా మూసుకుపోయిందన్న మాట. నర్సు లెక్క తప్పిందని రాసే విచారణాధికారులు ఆ తాను గుడ్డ కొనుగోలు కాగితాన్ని తిరగేయగా నేను చూడలేదు.

నా మిత్రుడి వాదాన్ని బలపరిచే సాక్ష్యం ఒకటి వుంది. ఆయనకు తెలిసి వుండదు, నేనే అందిస్తాను. 2003లో అటుల్ గవాండే అనే శస్త్రవైద్యుడూ ఆయన సహచరులూ అమెరికాలో, లోపల వస్తువులు మిగిలిపోయిన 54 మంది రోగుల వివరాలు పరిశీలించి ప్రచురించారు. మిగిలినవి మొత్తం 61. అందులో మూడింట రెండు వంతులకు పైగా గుడ్డలే. లెక్కపెట్టిన కేసుల్లో నూటికి 88 చోట్ల చివరి లెక్క "సరిపోయింది" అనే రాసి వుంది! లెక్క సరిపోయింది, గుడ్డ కడుపులోనే వుంది. చూశారా, లెక్క వల్ల ప్రయోజనమేమిటని మిత్రుడు అడగవచ్చు. కాని అదే పరిశీలనలో మరొక సంగతి వుంది. అత్యవసరంగా చేసిన ఆపరేషన్లలో ఈ ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు. అనుకున్న ఆపరేషను మధ్యలో మారిపోతే నాలుగు రెట్లు. అంటే, లెక్క తప్పేది లెక్కపెట్టడం చేతగాక కాదు. అర్ధరాత్రి, తొందరలో, చాలినంతమంది మనుషులు లేనప్పుడు తప్పుతుంది. ఇది గణితశాస్త్ర సమస్య కాదు, శ్రమకు సంబంధించిన సమస్య. మార్క్సును చదివినవారికి ఈ మాట ఒక నర్సు చెప్పవలసి రావడం విచిత్రమే.

2009లో ప్రచురితమైన మరో పరిశోధన వుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 19 అంశాల పట్టికను ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో అమలు జరిపి చూశారు. వాటిలో ఢిల్లీ వుంది, మనీలా వుంది, టాంజానియాలోని ఇఫకారా వుంది. లండన్, సియాటిల్ వంటి ధనిక నగరాలూ వున్నాయి. ఆపరేషను తరువాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. పట్టికలో చివరి భాగం, రోగిని థియేటరు దాటించక ముందు, నర్సు నోటితో చెప్పవలసిన భాగం. పరికరాలు, గుడ్డలు, సూదుల లెక్క పూర్తయిందని అక్కడ నర్సు పైకి చెప్పాలి, డాక్టరు వినాలి. థియేటర్లో నర్సు మాట్లాడితే డాక్టరు వినాలని ఒక కాగితం మీద అచ్చయి వుండటం చిన్న విషయమని నా మిత్రుడికి ఎలా తోచిందో నాకు తెలియదు. అలా అచ్చయిన కాగితం లేని రోజుల్లో ఏం జరిగేదో నాకు తెలుసు.

అది చెప్పాలి. ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు.

1988లో ఒక జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో వున్నాను. పేరెందుకు? ఏ జిల్లా అయినా అంతే. రాత్రి ఒంటిగంట దాటాక ఒక వ్యవసాయ కూలీని ట్రాక్టరు మీద తెచ్చారు. నొప్పులు మొదలై రెండు రోజులైంది, గర్భసంచి చిట్లింది. బిడ్డ అప్పటికే పోయింది. తల్లినన్నా బతికించాలి. డాక్టరుగారు చేతులు కడుక్కున్నారు, పక్కన నేను నిలబడ్డాను. కింద తిరగవలసిన నర్సు ప్రసవాల గదిలో మరో ఇద్దరి దగ్గర వుంది. రాత్రి డ్యూటీకి మేమిద్దరమే. డ్రమ్ము తెరిచి మాపులు అందించింది ఆయా. రోజుకూలీ మీద పనిచేసే మనిషి. కట్టల టేపులు వూడిపోయి వున్నాయి. నెత్తురు వరదలా వస్తున్నది, "మాపు, మాపు" అని డాక్టరుగారు అరుస్తున్నారు, ఆమె గుప్పిళ్ళతో తీసి ఇస్తున్నది. ఎన్ని ఇచ్చిందో ఆమెకు తెలియదు. ఎన్ని తీసుకున్నానో నాకూ తెలియదు.

మూయబోయే ముందు డాక్టరుగారు, "సిస్టర్, కౌంట్?" అన్నారు. బక్కెట్లో వున్నవి ఎంచాను. పద్నాలుగు. మొత్తం పద్నాలుగా, పదిహేనా? బోర్డు మీద ఏమీ రాసి లేదు. "త్వరగా చెప్పమ్మా, బి.పి. పడిపోతున్నది" అన్నారు. ఆయన దుర్మార్గుడు కాడు. ఆ రాత్రికి అది ఆయన నాలుగో కేసు. "తెలియదు సార్" అనవచ్చు నేను. ఆ మాట ఆ గదిలో అంతకుముందు ఒక నర్సు అనగా నేను వినలేదు. ఆ ముందు ఏడాది మరొక చోట ఒక మాపు తక్కువైందని నేను పట్టుబట్టి పావుగంట ఆపితే, అది చివరికి బల్ల కింద దొరికింది, కాలయాపన చేసినందుకు నాకు మెమో దొరికింది. ఆ మెమో గుర్తుకొచ్చింది.

"కరెక్ట్ సార్" అన్నాను.

ఆమె పదకొండో రోజున ఇంటికి పోయింది. రెండు నెలలకు జ్వరంతో, ఉబ్బిన పొట్టతో మళ్ళీ వచ్చింది. తెరిచారు. మాపు పేగును అంటుకుని వుంది, జానెడు పేగు తీసేశారు. బతికింది. బతికింది గనకనే ఈ కథ పత్రికల్లోకి ఎక్కలేదు. విచారణ జరిగింది. డ్రమ్ములోంచి మాపులు సరైన సంఖ్యలో అందించకపోవడం కారణమని తేల్చారు. డాక్టరుగారికి ఏమీ కాలేదు. నాకు హెచ్చరిక. ఆయాను పనిలోంచి తీసేశారు. నేను నోరు మెదపలేదు.

ఆమె పోయేరోజున నా దగ్గరికి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నాకు లెక్కలు రావని తెలిసే గదా సిస్టరమ్మగారూ నన్నక్కడ నిలబెట్టింది" అంది.

నా మిత్రుడు చెప్పినట్టు ఆ రాత్రి నన్ను ఏ పట్టికా యంత్రంగా మార్చలేదు. పట్టిక లేదు. నన్ను అబద్ధం చెప్పించింది భయం. ఆ భయం పేరు దొరతనం. మన దేశంలో థియేటరు చిన్న జమీ లాంటిది. మధ్యలో దొర, పక్కన పరివారం, అంచున ఆయా. పైవాడు అడిగిన ప్రశ్నకు కిందివాడు ఇవ్వగల జవాబు ఒకటే. అక్కడ పని పద్ధతిని కాగితం మీద పెట్టి, ఫలానా మాట చెప్పే హక్కు ఫలానా మనిషిదని నిర్ణయించడం ఆ దొరతనాన్ని కొంతైనా తగ్గించడమే. దీన్ని మేనేజరు మనస్తత్వమనడం, కార్మికుడికి ఎనిమిది గంటల పని కావాలంటే అది గడియారపు మనస్తత్వమన్నట్టుంటుంది.

మిత్రుడి మాటలో నిజం లేకపోలేదు. అది వేరే చోట వుంది. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇవాళ పెద్ద పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో వున్నారు. లెక్క కాగితం చాలా చోట్ల ఆపరేషను మొదలుకాకముందే నింపి పెడతారని ఒకమ్మాయి చెప్పింది. ముందు లెక్కా, చివరి లెక్కా, సంతకాలతో సహా! తనిఖీకి వచ్చేవారికి ఫైలు కావాలి, ఫైలు వుంటుంది. ఆపరేషనుకు ఇంత అని ప్యాకేజీ కట్టి చెల్లించే పద్ధతిలో బల్ల ఖాళీగా వుంటే నష్టం. ఒక రోగిని దించేలోగా మరొకరిని ఎక్కించాలి. ఆ హడావుడిలో ఇద్దరు నర్సులు నిలబడి పైకి లెక్కపెట్టడానికి పట్టే నాలుగు నిమిషాలు ఎవరి లాభంలోంచి తీయాలి? ప్రైవేటు నర్సుల జీతాల విషయం సుప్రీం కోర్టు దాకా పోతే, 2016లో ఒక కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఇవ్వరాదని సిఫారసు చేసింది. ఆ అమ్మాయిని అడిగితే నవ్వింది. కాబట్టి పట్టికను కాదు మనం దుయ్యబట్టవలసింది, పట్టికను దొంగ సాక్ష్యంగా మార్చినవారిని.

ఆ దొంగ సాక్ష్యం చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుంది? ఇది విద్యార్థులు శ్రద్ధగా వినవలసిన సంగతి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను చూడండి. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే అయిదేళ్ళ దాకా జైలు. అదే పని, వైద్యం చేస్తూ, రిజిస్టరైన డాక్టరు చేస్తే రెండేళ్ళ దాకా. రిజిస్టరైన డాక్టరంటే ఎవరో అక్కడే నిర్వచించారు. వైద్య రిజిస్టరులో పేరున్నవారు. నర్సు పేరు ఆ రిజిస్టరులో వుండదు, ఆయా పేరు అసలే వుండదు. ఒకే బల్ల, ఒకే కడుపు, ఒకే గుడ్డ. చట్టం అక్షరాన్ని బట్టి చూస్తే డాక్టరుకు రెండేళ్ళు, నర్సుకు అయిదేళ్ళు. ఈ చట్టం వచ్చినప్పుడు ఎన్నో సభల్లో కూచున్నాను. రాజద్రోహం గురించి గంటలు గంటలు మాట్లాడారు. మాట్లాడవలసిందే. ఈ వాక్యాన్ని చదివినవారు మాత్రం నాకు కనపడలేదు.

కోళికోడులో ఒక స్త్రీకి 2017లో సిజేరియన్ జరిగింది. అయిదేళ్ళు నొప్పితో తిరిగింది. 2022లో ఆమె కడుపులోంచి ఫోర్సెప్స్ తీశారు. మెడికల్ బోర్డు అది ఎక్కడ మిగిలిందో తేల్చి చెప్పలేమంది. ఆమె ఆసుపత్రి ముందు నూరు రోజులకు పైగా కూచున్నది. అప్పుడు గాని పోలీసులు ఇద్దరు డాక్టర్ల మీదా, ఇద్దరు నర్సుల మీదా అభియోగపత్రం వేయలేదు. ఆ శిబిరం దగ్గరికి వెళ్ళి వచ్చిన మన రచయితలు ఎంతమంది?

ఇంతకన్న పాతదొకటి వుంది. 1963 జూలైలో ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రిలో ఒక బాలింతకు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేశారు. ఏడేళ్ళ క్రితం దాకా అది మన హైదరాబాదు రాష్ట్రంలోని వూరే. జ్వరం వచ్చింది, పొట్ట వుబ్బింది. మరో డాక్టరు తిరిగి తెరిస్తే మాపు. ఆ నెల దాటకుండానే ఆమె చనిపోయింది. భర్త దావా వేశాడు. కింది కోర్టు 36,000 రూపాయలు ఇప్పించింది. సర్కారు అప్పీలుకు పోయింది. ఇద్దరు డాక్టర్లలో తప్పెవరిదో రుజువు కాలేదన్నారు, ప్రభుత్వం సార్వభౌమాధికారంతో చేసే పనికి బాధ్యత వుండదన్నారు! హైకోర్టు దావా కొట్టివేసింది. 1996లో సుప్రీం కోర్టు, మాపు దానంతటదే కడుపులోకి పోదు గనక నిర్లక్ష్యం దానికదే రుజువవుతున్నదనీ, ఆసుపత్రి నడపడం సంక్షేమ కార్యక్రమమే గాని సార్వభౌమాధికారం కాదనీ చెప్పి ఆ 36,000 రూపాయల తీర్పును నిలబెట్టింది. ముప్పయి మూడేళ్ళు! లెక్కపెట్టడానికి నాలుగు నిమిషాలు చాలేది.

ఆమెకు జరిగింది కుటుంబ నియంత్రణ ఆపరేషనన్న సంగతి మరవవద్దు. మన ప్రభుత్వాలకు లెక్కలు రావనే వారితో నేను ఏకీభవించను. బ్రహ్మాండంగా వచ్చు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే డాక్టరు ఒకే రోజున, కొద్ది గంటల్లో 83 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేశాడు. పదముగ్గురు చనిపోయారు. యాభైవేల ఆపరేషన్లు పూర్తి చేసినందుకు ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం ఆయన్ను సన్మానించిందని పత్రికలు రాశాయి. మన ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న 34 మందికి చేస్తే నలుగురు పోయారు. వీళ్ళ కడుపుల్లో గుడ్డలేవీ మిగలలేదు, ఈ మరణాల కారణాలు వేరు. అయినా ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఈ థియేటర్లలో లెక్క జరగకపోలేదు. బల్ల ఎక్కినవారిని లెక్కపెట్టారు. లక్ష్యం ఎంత, పూర్తయింది ఎంత, జిల్లా ఎన్నో స్థానంలో వుంది అన్నీ లెక్కపెట్టారు. బల్ల మీద ఏం జరిగిందన్నది మాత్రం ఎవరి గణాంకంలోనూ లేదు.

ఇది సాహిత్య పత్రిక గనక ఒక్క మాట. మన కథల్లో, సినిమాల్లో ఆపరేషనంటే ఎర్రదీపం ఆరుతుంది, డాక్టరు బయటికి వచ్చి గ్లవ్సు తీస్తూ రెండు మాటలు చెబుతాడు. మన పక్షం రచయితలు కూడా ఆ డాక్టరును పేదల డాక్టరుగా మార్చారే గాని, ఆ తలుపు వెనక ఇంకా ఎవరున్నారని చూడలేదు. చైనా యుద్ధరంగంలో వేలు తెగి, ఆ విషం ఎక్కి 1939లో మరణించిన నార్మన్ బెథ్యూన్‌ను గురించి చిన్నప్పుడు చదివి నేనూ ఏడ్చాను. ఆయనకు పరికరాలు అందించినవారు ఎవరు? అభ్యుదయ సాహిత్యం వీరుణ్ణి మార్చింది, వీరపూజను మార్చలేదు. థియేటర్లో నర్సు వుంటే ఆమె డాక్టరును ప్రేమిస్తుంది. ఆమె లెక్కపెట్టే దృశ్యం నాకు ఒక్క తెలుగు కథలోనూ తగల్లేదు. వుంటే చూపించండి, సంతోషంగా నా మాట వెనక్కి తీసుకుంటాను.

అయితే ఆసుపత్రి యాజమాన్యం మారితే ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయని నా మిత్రుడి నమ్మకం. నా 31 ఏళ్ళూ ప్రజల ఆసుపత్రుల్లోనే గడిచాయని ఆయనకు వినయంగా మనవి చేస్తున్నాను. ఆ రాత్రి నన్ను "కరెక్ట్ సార్" అనిపించింది లాభాపేక్ష కాదు, అక్కడ లాభం లేదు. ఆసుపత్రులు ప్రజలవి కావాలి, అందులో సందేహమేముంది? కాని ప్రజల ఆసుపత్రిలో కూడా రాత్రి డ్యూటీకి ఒక్కొక్క బల్లకు ఇద్దరు నర్సులు వుండాలి. దారం వున్న మాపులు కొనాలి. తేడా వస్తే మూయడం ఆపమనే అధికారం నర్సుకు సర్వీసు నిబంధనల్లోనే రాసివుండాలి. ఆపినందుకు మెమో ఇవ్వరాదని కూడా రాసివుండాలి. వీటిని ఎవరు సాధిస్తారు? మన సంఘాలు కాక మరెవరు?

1990లలో మా నర్సుల సంఘం ప్రభుత్వానికి ఒక కోర్కెల పత్రం ఇచ్చింది. ఈ మధ్య పాత కాగితాల్లో దాని నకలు దొరికింది. జీతాలు వున్నాయి, క్వార్టర్లు వున్నాయి, యూనిఫారం అలవెన్సు వుంది, రాత్రి డ్యూటీకి బస్సు సౌకర్యం కూడా వుంది. థియేటర్లో లెక్కను గురించి ఒక్క వాక్యం లేదు. తొలగించిన ఆయాల వూసూ లేదు. ఆ పత్రం ముసాయిదా రాసిన ముగ్గురిలో నేనొకతెను.